కెగ్‌లో పోసిన బీరు ఎప్పుడు సిద్ధమవుతుంది?

ఇంట్లో తయారు చేసిన బీరును కెగ్‌లో, అంటే మూత బిగించే స్టీలు పీపాలో, నింపాక ఎన్నాళ్లు ఆగాలి అని అడిగితే, అనుభవజ్ఞులు చెప్పే జవాబులు ఒకదానికొకటి పొసగవు. మూడో రోజుకే గ్లాసులో పోసుకోవచ్చని ఒకరంటారు, కనీసం ఆరు వారాలు చల్లగా పడి ఉండాలని మరొకరంటారు, ఏడాది దాకా కదిలించవద్దనేవారూ ఉన్నారు. పైకి ఇది అభిరుచుల తేడాలా కనిపిస్తుంది గానీ, వీరంతా మాట్లాడుతున్నది ఒకే పని గురించి కాదు. కెగ్ మూత పడ్డాక లోపల నాలుగు పనులు ఏకకాలంలో నడుస్తుంటాయి. బీరును పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్ తాను వదిలిన పచ్చివాసనలను తానే తుడిచిపెడుతుంది, కార్బన్ డయాక్సైడ్ బీరులోకి కరుగుతుంది, మడ్డి అడుగుకు దిగి బీరు తేటపడుతుంది, లోపల మిగిలిపోయిన ఆక్సిజన్ రుచిని నెమ్మదిగా మార్చుకుంటూ పోతుంది. మొదటిది వెచ్చదనం కోరితే, తర్వాతి రెండూ చల్లదనం కోరతాయి. నాలుగోదాన్ని ఎవరూ కోరరు, అయినా అది జరుగుతూనే ఉంటుంది. ఒక పనికి చెప్పిన గడువును మరో పనికి తగిలించినప్పుడే గందరగోళం పుడుతుంది.

కెగ్, కండిషనింగ్, ఏజింగ్: ఏ మాటకు ఏ అర్థం

ఇళ్లలో ఎక్కువగా వాడే కెగ్ స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన నిలువు పాత్ర. దీన్ని కార్నీ కెగ్ అంటారు. కార్నీలియస్ అనే తయారీ సంస్థ పేరు నుంచి వచ్చిన ఈ పాత్ర పుట్టింది బీరు కోసం కాదు, శీతల పానీయాల సిరప్ కోసం. ఆ పరిశ్రమ అట్టపెట్టెల్లో అమర్చిన సంచులకు మారిపోయాక, మిగిలిపోయిన కెగ్‌లు బీరు తయారు చేసుకునేవారి చేతికి వచ్చాయి. సాధారణ పరిమాణం 5 అమెరికన్ గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు. పైన రెండు పోస్టులు ఉంటాయి: ఒకదానిలోంచి గ్యాసు లోపలికి వెళుతుంది, మరొకదానిలోంచి అడుగు దాకా దిగిన డిప్ ట్యూబ్ ద్వారా బీరు పైకి వస్తుంది. మధ్యలో కోలగా ఉండే మూత, దానికి రబ్బరు ఓ-రింగు, పీడనం మితిమీరితే వదిలేసే రిలీఫ్ వాల్వ్ ఉంటాయి. పోస్టులు బాల్ లాక్, పిన్ లాక్ అని రెండు రకాలు. మొదటిది పెప్సీ, రెండోది కోకాకోలా వాడకం నుంచి వచ్చాయి. బీరు మాగడంలో ఈ రెంటికీ తేడా ఏమీ లేదు.

ఇక మాటల సంగతి. కండిషనింగ్ అనే మాటను కొందరు బీరులో గ్యాసు ఎక్కించడం అన్న అర్థంలో వాడతారు, కొందరు పచ్చిదనం పోయి బీరు తాగడానికి అనువుగా కావడం అన్న అర్థంలో వాడతారు. రెండూ వాడుకలో ఉన్నవే. ఈ వ్యాసంలో రెండో అర్థాన్ని ‘పచ్చిదనం పోవడం’ అనీ, మొదటిదాన్ని ‘గ్యాసు ఎక్కడం’ అనీ విడదీసి చెబుతాను. ఏజింగ్ అంటే ఈ రెండూ ముగిశాక కూడా నెలల తరబడి నిల్వ ఉంచడం. దానికి ‘మాగబెట్టడం’ అన్న మన మాట చక్కగా సరిపోతుంది. లాగరింగ్ అంటే 0 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లగా నిల్వ ఉంచడం. జర్మన్ భాషలో ‘లాగెర్న్’ అంటే నిల్వ చేయడమే. లాగర్ అన్న బీరు పేరు అక్కడి నుంచే వచ్చింది.

పచ్చిదనం పోవడం: చల్లదనం తొందరపడితే వచ్చే చిక్కు

పులియడం జోరుగా సాగుతున్నప్పుడు ఈస్ట్ ఆల్కహాల్‌తో పాటు చాలా ఉప పదార్థాలను వదులుతుంది. వాటిలో రెండు ముఖ్యమైనవి. పచ్చి యాపిల్ వాసన వేసే అసిటాల్డిహైడ్ ఒకటి, వెన్న వాసన వేసే డయాసిటైల్ మరొకటి. చక్కెరలు అయిపోయే దశలో ఈస్ట్ ఈ రెంటినీ తిరిగి తనలోకి తీసుకుని వాసన లేని, లేదా వాసన తక్కువైన పదార్థాలుగా మారుస్తుంది. అసిటాల్డిహైడ్ ఆల్కహాల్‌గా మారుతుంది. డయాసిటైల్ ముందు అసిటోయిన్‌గా, ఆపైన బ్యూటేన్‌డయాల్‌గా మారుతుంది. ఈ పని చేసేది కాలం కాదు, ఈస్ట్. ఈస్ట్ బతికి, చురుగ్గా, బీరులో తేలుతూ ఉంటేనే అది సాగుతుంది.

డయాసిటైల్ దగ్గర ఒక మెలిక ఉంది. ఈస్ట్ నేరుగా డయాసిటైల్‌ను వదలదు. ఆల్ఫా అసిటోలాక్టేట్ అనే వాసన లేని పూర్వరూపాన్ని బీరులోకి వదులుతుంది. అది కణం బయట, తనంత తానుగా, నెమ్మదిగా డయాసిటైల్‌గా మారుతుంది. ఆ తర్వాతే ఈస్ట్ దాన్ని పట్టుకోగలదు. మొత్తం గొలుసులో అతి నిదానమైన మెట్టు ఆ మార్పే, వెచ్చదనంలో అది వేగం పుంజుకుంటుంది. పులియడం ఆగింది కదా అని బీరును వెంటనే కెగ్‌లోకి తోడి ఫ్రిజ్‌లో పెడితే ఏమవుతుందో ఇప్పుడు ఊహించవచ్చు. మొదటి వారం బీరు శుభ్రంగా ఉంటుంది. ఈలోగా ఈస్ట్ అడుగుకు చేరి నిద్రపోతుంది. పూర్వరూపం మాత్రం చల్లదనంలోనూ కొద్దికొద్దిగా మారుతూనే ఉంటుంది. నెల తిరిగేసరికి గ్లాసులో వెన్న వాసన మొదలవుతుంది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉన్నా చాలామంది ముక్కుకు తెలిసిపోయే పదార్థం ఇది. ‘మొన్న బాగుంది, ఇప్పుడు పాడైంది, కెగ్ శుభ్రంగా లేదేమో’ అని అనుమానపడేది ఇక్కడే. డయాసిటైల్‌ను వదిలే బాక్టీరియా కూడా ఉన్నందువల్ల ఆ అనుమానం పూర్తిగా తప్పు కాదు. అయితే పుల్లదనమేమీ లేకుండా వట్టి వెన్న వాసన మాత్రమే వస్తుంటే తొందరగా చల్లబరచడాన్నే ముందు అనుమానించాలి.

దీన్ని కెగ్‌లో పోయడానికి ముందే కనిపెట్టే పరీక్ష ఒకటుంది. బీరును రెండు చిన్న గ్లాసుల్లోకి తీసి, మూతలు పెట్టి, ఒకదాన్ని 60 నుంచి 70 డిగ్రీల వేడి నీటిలో 20 నిమిషాల పాటు ఉంచి, తర్వాత రెండో గ్లాసు చల్లదనానికి తెచ్చి రెంటినీ వాసన చూస్తారు. ఆ వేడికి పూర్వరూపమంతా డయాసిటైల్‌గా మారిపోతుంది. రెండింటిలోనూ వెన్న వాసన లేకపోతే ఈస్ట్ పని ముగిసినట్టు. వేడి చేసిన గ్లాసులో మాత్రమే వస్తే, ఆ వాసన ఇంకా బయటపడకుండా బీరులో దాగి ఉన్నట్టు. రెంటిలోనూ వస్తే ఈస్ట్ సగం పనిలో ఉన్నట్టు. లాగర్లు చేసేవారు పులియడం ముగిసే ముందు ఉష్ణోగ్రతను 16 నుంచి 20 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు ఆపేది ఇందుకే. ఈ దశ కెగ్‌లో కంటే పులియబెట్టే పాత్రలోనే ముగియడం మేలు, ఎందుకంటే ఈస్ట్ సమృద్ధిగా ఉండేది అక్కడే.

గ్యాసు ఎక్కడం: ఉష్ణోగ్రత, పీడనం కలిసి చెప్పే లెక్క

బీరులో ఎంత గ్యాసు ఉందో ‘వాల్యూమ్‌ల’లో చెబుతారు. ఒక లీటరు బీరులో, ప్రామాణిక స్థితిలో కొలిస్తే ఒక లీటరయ్యే కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటే అది 1 వాల్యూమ్, బరువులో దాదాపు 1.96 గ్రాములు. ఇంగ్లిష్ ఏల్‌లకు (ఏల్ అంటే లాగర్ కంటే వెచ్చగా పులియబెట్టే బీరు) 1.5 నుంచి 2, మామూలు ఏల్‌లకు, లాగర్లకు 2.5 చుట్టుపక్కల, జర్మన్ గోధుమ బీర్లకు 3.5 లేదా అంతకు మించి ఉండటం రివాజు.

1803లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త విలియం హెన్రీ ప్రకటించిన సూత్రం దీనికి ఆధారం: ద్రవంలో కరిగే వాయువు మోతాదు, దానిపైన ఆ వాయువుకున్న పీడనానికి అనుపాతంలో ఉంటుంది. చల్లని ద్రవం ఎక్కువ పట్టుకుంటుంది, వెచ్చనిది తక్కువ. 2.5 వాల్యూమ్‌లు నిలవాలంటే 4 డిగ్రీల దగ్గర గేజీపై సుమారు 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం) చాలు, 20 డిగ్రీల దగ్గర దాదాపు 28 పీఎస్ఐ కావాలి. గది వేడిలో ఉన్న కెగ్‌కు 12 పీఎస్ఐ మీద కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తగిలించి నెల రోజులు ఉంచినా 1.5 వాల్యూమ్‌ల దగ్గరే ఆగిపోతుంది. ‘గ్యాసు పెట్టాను, అయినా చప్పగా ఉంది’ అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఈ రెండు అంకెల మధ్య తేడాయే.

గ్యాసు ఎక్కించే దారులు మూడు. మొదటిది సిలిండర్ నుంచి ఎక్కించడం. చల్లటి కెగ్‌కు 12 పీఎస్ఐ పెట్టి వదిలేస్తే పది నుంచి పద్నాలుగు రోజుల్లో సమతుల్యం కుదురుతుంది. 30 పీఎస్ఐ పెట్టి ఒక రోజు ఉంచితే చాలా వరకు ఎక్కుతుంది, కెగ్‌ను పడుకోబెట్టి ఊపితే నిమిషాల్లోనే. ఊపినప్పుడు వేగం పెరిగేది గ్యాసుకు, బీరుకు మధ్య ఉన్న ఉపరితలం ఒక్కసారిగా విస్తరించడం వల్ల. అయితే ఎప్పుడు ఆపాలో చెప్పే గుర్తేదీ ఉండదు. అతిగా ఎక్కిందని తెలిసేది కుళాయి తిప్పి గ్లాసు నిండా నురగ చూసినప్పుడే. పైగా ఊపుడుకు అడుగున సద్దుకున్న మడ్డి అంతా మళ్లీ లేస్తుంది.

రెండో దారి చక్కెరతో ప్రైమింగ్, అంటే బీరులో కొద్దిగా చక్కెర వేసి మూత బిగించి, ఈస్ట్ దాన్ని పులియబెట్టగా వచ్చే గ్యాసునే వాడుకోవడం. లెక్క ఇలా సాగుతుంది. 20 డిగ్రీల దగ్గర పులియడం ముగిసిన బీరులో అప్పటికే దాదాపు 0.85 వాల్యూమ్‌లు మిగిలి ఉంటాయి. 2.5కు చేరాలంటే ఇంకా 1.65 కావాలి, అంటే లీటరుకు సుమారు 3.2 గ్రాములు, 19 లీటర్లకు 61 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. ఒక గ్రాము పంచదార పులిస్తే అందులో సగానికి కాస్త ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది గనుక కావలసింది దాదాపు 120 గ్రాములు. సీసాలకైనా, కెగ్‌కైనా ఈ లెక్క ఒకటే.

మరి కెగ్‌లో సీసాలకు వేసేదానిలో సగం చక్కెరే వేయాలన్న మాట ఇంతగా ఎందుకు ప్రచారంలో ఉంది? సగం, అంటే 60 గ్రాములు వేస్తే వచ్చేది దాదాపు 1.7 వాల్యూమ్‌లు. ఇంగ్లిష్ ఏల్‌కు అది చక్కగా సరిపోతుంది, లాగర్‌కు చాలదు. సగం వేసి సంతృప్తిగా ఉన్నామనేవారిలో చాలామంది తర్వాత కెగ్‌ను చల్లబరచి, బీరు తీసుకోవడానికి 12 పీఎస్ఐ మీద సిలిండర్ తగిలిస్తారు. తక్కువైన గ్యాసు వారికి తెలియకుండానే అక్కడ భర్తీ అవుతుంది. సీసాలో తక్కువైతే సరిదిద్దే దారి లేదు, కెగ్‌లో ఉంది. కాబట్టి సగం వేయమన్న సలహా వెనుక రసాయన శాస్త్రం లేకపోయినా, ఆచరణలో అది జాగ్రత్త వైపే మొగ్గుతుంది.

మూడోది స్పండింగ్. జర్మన్‌లో ‘స్పుండ్’ అంటే బిరడా. పులియడం పూర్తిగా ముగియకముందే బీరును కెగ్‌లోకి మార్చి బిగించేస్తే, మిగిలిన చక్కెర నుంచి వచ్చే గ్యాసు బయటికి పోలేక బీరులోనే కరుగుతుంది. బీరు సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ మీద ఒక్క పాయింటు, అంటే 0.001, దిగినప్పుడల్లా దాదాపు 0.5 వాల్యూమ్ వస్తుంది. చివరకు 1.012 దగ్గర ఆగుతుందనుకున్న బీరును 1.016 దగ్గర కెగ్‌లోకి మారిస్తే నాలుగు పాయింట్లకు 2 వాల్యూమ్‌లు, ముందే ఉన్న 0.85 కలిసి దాదాపు 2.85 అవుతుంది. గది వేడిలో 28 పీఎస్ఐకి సరిచేసిన స్పండింగ్ వాల్వ్ ఉంటే ఎక్కువైనది బయటికి పోయి 2.5 నిలుస్తుంది. చిక్కంతా ఆ 1.012 అన్న అంచనాలోనే ఉంది. అది 1.015 దగ్గరే ఆగిపోతే గ్యాసు తక్కువవుతుంది, 1.008కి దిగితే వాల్వ్ లేని కెగ్‌లో పీడనం వద్దన్నంత పెరుగుతుంది.

సొంత గ్యాసా, సిలిండర్ గ్యాసా: పాత తగవు

1971లో మొదలైన బ్రిటిష్ ‘క్యాంపెయిన్ ఫర్ రియల్ ఏల్’ ఉద్యమం ఈ తగవుకు ఒక రూపం ఇచ్చింది. ఏ పాత్రలోంచి బీరు గ్లాసులోకి వస్తుందో అదే పాత్రలో రెండోసారి పులిసి మాగినదే నిజమైన ఏల్ అనీ, బయటి గ్యాసు జోడించకూడదనీ వారి నిర్వచనం. నాటి పెద్ద కంపెనీలు వడగట్టి, పాశ్చరైజ్ చేసి, కెగ్‌ల్లో గ్యాసు ఎక్కించి పంపిన బీరు మీద అసంతృప్తే దీనికి మూలం. అప్పటి నుంచి ‘కెగ్ బీరు’ అన్న మాటకు ఒక నీలాపనింద అంటుకుంది.

సహజంగా ఎక్కిన గ్యాసులో బుడగలు సన్నగా, మెత్తగా ఉంటాయని ఆ పక్షంవారు అంటారు. కార్బన్ డయాక్సైడ్ అణువు ఈస్ట్ నుంచి వచ్చినా, సిలిండర్ నుంచి వచ్చినా ఒకటే. ఒకసారి కరిగాక దాని పుట్టుక ఎక్కడో చెప్పే గుర్తేదీ మిగలదు. బుడగ పరిమాణం గ్లాసు గరుకుదనం, బీరులోని ప్రోటీన్లు, గ్యాసు మోతాదు, బీరు పోసిన తీరు మీద ఆధారపడుతుంది. అయినా వారు గమనించింది వట్టి భ్రమని కొట్టిపారేయలేం. ప్రైమింగ్ చేసిన బీరుకు రెండు మూడు వారాలు వెచ్చగా ఉండక తప్పదు, ఆ వ్యవధిలో పచ్చిదనం పోతుంది. రెండు రోజుల్లో ఊపి గ్యాసు ఎక్కించిన బీరుకు ఆ వ్యవధి దొరకదు. ఇంకా పూర్తిగా సద్దుకోని గ్యాసు, తేలుతున్న ఈస్ట్, మాగని రుచి కలిసి నాలుక మీద గీరినట్టుంటే దాన్ని సిలిండర్ తప్పుగా లెక్కవేస్తారు. ఇద్దరూ నాలుగేసి వారాలు ఆగి పోల్చుకుంటే తేడా చాలా వరకు కరిగిపోతుందన్నది నా అభిప్రాయం.

ఈస్ట్ పక్షాన ఒక గట్టి వాదన ఉంది. మళ్లీ పులియడం మొదలుపెట్టిన ఈస్ట్ బీరులో కరిగిన ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. కెగ్‌లోకి మార్చేటప్పుడు పొరపాటున కలిసిన కొద్దిపాటి గాలికి ఇది విరుగుడు. అన్నీ తుడిచిపెట్టలేదు గానీ, సిలిండర్ ఈ పని అసలే చేయదు.

ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటిసారి కెగ్‌లో చక్కెర వేసి, మూత బిగించి, మూడు వారాలు ఓపిక పట్టి తెరిస్తే బీరు నీళ్లలా చప్పగా ఉంది. చక్కెర లెక్క సరిగ్గానే ఉంది, ఈస్ట్ కూడా పని చేసింది. తప్పు మూతలో ఉంది. కార్నీ కెగ్ మూత లోపలి నుంచి పైకి నొక్కుకునే రకం. లోపలి పీడనమే ఓ-రింగును అంచుకు అదిమి సందు మూస్తుంది. ఈస్ట్ గంటగంటకూ కొద్దికొద్దిగా వదిలే గ్యాసుకు ఆ మొదటి అదుము ఇచ్చేంత బలం లేదు, వచ్చినది వచ్చినట్టే సందులోంచి జారిపోయింది. తర్వాత సిలిండర్ నుంచి 5 పీఎస్ఐ పెట్టి, మూత చుట్టూ సబ్బునీళ్లు రాస్తే ఒక మూల ఆవగింజంత బుడగలు వరసగా లేచి, తేనెపట్టులా గుంపుకట్టాయి. 30 పీఎస్ఐకి పెంచగానే ‘టక్’మని మూత కూర్చుంది, బుడగలు ఆగిపోయాయి. ప్రైమింగ్ చేసే కెగ్‌కు కూడా మొదట సిలిండర్ నుంచి ఒక విడత గ్యాసు ఎందుకు ఇస్తారో ఆ రోజు అర్థమైంది.

తేటపడటం

దీని గురించి చెప్పేది తక్కువే. ద్రవంలో రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గానికి అనుపాతంలో ఉంటుంది గనుక, విడివిడిగా తేలే ఈస్ట్ కణాలు వారాలు తీసుకుంటే, గుంపుకట్టినవి గంటల్లో దిగుతాయి. చల్లదనం వాటిని గుంపుకట్టిస్తుంది. ప్రోటీన్లు, పాలీఫినాల్‌లు చల్లదనంలో అతుక్కుని తెచ్చే మసక వేరే రకం. బీరు వెచ్చబడగానే అది మాయమవుతుంది. దాన్ని వదిలించుకోవాలంటే 0 డిగ్రీల దగ్గర కొన్ని వారాలు ఉంచి అడుగుకు దించాలి, లేదా జెలటిన్ కలిపి తొందరపెట్టాలి. డిప్ ట్యూబ్ అడుగు నుంచే తోడుతుంది కాబట్టి మొదటి ఒకటి రెండు గ్లాసులు మడ్డితో వస్తాయి. ఉపరితలం నుంచి తోడే తేలుడు ట్యూబ్ అమర్చుకుంటే ఆ బెడద ఉండదు.

ఆక్సిజన్: ఒక లీటరు ఖాళీ ఎంత నష్టం చేస్తుంది

మాగబెట్టిన బీరు పాడైందన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. తడిసిన అట్టముక్క వాసన, అణగారిపోయిన హాప్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే పువ్వు) పరిమళం, ముదిరిన రంగు, ఇవన్నీ ఆక్సిజన్ చేతివాటమే. అట్టముక్క వాసనకు ట్రాన్స్-2-నోనినాల్ అనే పదార్థం ప్రధాన కారణం.

లెక్క చూద్దాం. 19 లీటర్ల కెగ్‌లో 18 లీటర్ల బీరు పోసి మూత పెట్టారనుకుందాం. పైన ఒక లీటరు గాలి ఉంది. గాలిలో 21 శాతం ఆక్సిజన్, అంటే దాదాపు 280 మిల్లీగ్రాములు. అదంతా బీరులోకి చేరితే లీటరుకు 15 మిల్లీగ్రాములు పైచిలుకు. సీసాల్లో నింపే పెద్ద బ్రూవరీలు లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకుండా చూసుకుంటాయి. అంటే ఈ కెగ్‌లో వారి హద్దుకు 150 రెట్లు ఉందన్నమాట. గాలిని తీసేయకుండా దానిపైనే 12 పీఎస్ఐ గ్యాసు ఎక్కిస్తే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. ప్రతి వాయువూ తన పాక్షిక పీడనాన్ని, అంటే మొత్తం పీడనంలో తన వాటాను, బట్టి కరుగుతుంది, పక్కన కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉన్నా ఆక్సిజన్ దారికి అది అడ్డు రాదు.

కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది కాబట్టి బీరు మీద దుప్పటిలా పరచుకుని కాపాడుతుందన్న నమ్మకం కూడా ఇలాంటిదే. బరువైనదన్న మాట నిజమే, కాసేపు అడుగున నిలిచే మాటా నిజమే. కానీ వాయువులు వాటంతట అవే కలిసిపోతాయి, కదలికలో మరీ తొందరగా. కదలని పాత్రలో కొన్ని నిమిషాల పాటు ఆ దుప్పటిని నమ్ముకోవచ్చు, నెలల నిల్వకు నమ్ముకోలేం.

గాలిని తగ్గించే మామూలు పద్ధతి పర్జింగ్, అంటే గ్యాసు నింపి రిలీఫ్ వాల్వ్ ద్వారా వదిలేయడం. గేజీపై 30 పీఎస్ఐ దాకా నింపి వదిలితే లోపలి గాలి దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. ఒక్కసారి చేస్తే 280 మిల్లీగ్రాములు 92 అవుతాయి, ఐదుసార్లు చేస్తే సుమారు 1 మిల్లీగ్రాము, బీరులో లీటరుకు 0.06. పదిసార్లకు లెక్కలోకి రానంత. పైనున్నది ఒక లీటరు ఖాళీయే గనుక ఒక్కో పర్జ్‌కు 4 గ్రాముల గ్యాసు కూడా పట్టదు. అదే ఖాళీ కెగ్‌ను ముందుగా ఇలా శుభ్రపరచాలంటే ఒక్కో పర్జ్‌కు 70 గ్రాములు, పదింటికి 700 గ్రాములు ఖర్చు. అందుకే తెలిసినవారు కెగ్‌ను, తర్వాత నీళ్లతో కడగకపోయినా ఫరవాలేని శానిటైజర్ ద్రావణంతో అంచు దాకా నింపి, ఆ ద్రవాన్ని గ్యాసుతో బయటికి నెడతారు. ద్రవం వెళ్లిన చోట గ్యాసు నిలుస్తుంది, గాలికి చోటే దొరకదు, ఖర్చు 50 గ్రాముల లోపే.

ఇంతకంటే పొదుపైనది పులిసే బీరు గ్యాసునే వాడుకోవడం. 19 లీటర్ల బీరులో 5 శాతం ఆల్కహాల్ వచ్చేసరికి 350 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పులియబెట్టే పాత్ర నుంచి గొట్టాన్ని కెగ్‌లోకి, అక్కడి నుంచి నీటి గిన్నెలోకి పెడితే, కెగ్‌లో ఉన్న గాలి స్థానంలో గ్యాసు పద్దెనిమిది సార్లకు పైగా మారుతుంది. ఇంత చేసి, చివరకు బీరును పైనుంచి చిలకరిస్తూ పోస్తే మాత్రం ఫలితం సున్నా. పోసేటప్పుడు కరిగిన ఆక్సిజన్‌ను పర్జింగ్ బయటికి లాగలేదు. డిప్ ట్యూబ్ ద్వారా అడుగు నుంచి, మూత తెరవకుండా నింపడంలోని ఆంతర్యం అదే.

నెలల తరబడి మాగబెట్టడం: ఏవి నిలుస్తాయి, ఏవి నిలవవు

మాగితే అన్ని బీర్లూ మెరుగవుతాయన్నది వైన్ నుంచి అరువు తెచ్చుకున్న నమ్మకం. హాప్ పరిమళమే ప్రాణమైన ఐపీఏ (ఇండియా పేల్ ఏల్), తాజాదనమే అందమైన గోధుమ బీరు నెలలు గడిచేకొద్దీ తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. 8 శాతానికి మించిన ఆల్కహాల్ ఉన్న బార్లీవైన్, ఇంపీరియల్ స్టౌట్ వంటి బీర్లలో కథ వేరు. వాటిలో ఆల్కహాల్ మంట, మొరటు చేదు సమసిపోతాయి. ముదురు మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) పదార్థాలు ఆక్సిజన్ దెబ్బను కొంత తమ మీద వేసుకుంటాయి. నెమ్మదైన ఆక్సీకరణ వల్ల వచ్చే ఎండుద్రాక్ష, షెర్రీ ఛాయలు అక్కడ శోభనిస్తాయి. లేత లాగర్‌లో లోపమనిపించే రుచే బార్లీవైన్‌లో గుణమవుతుంది.

రసాయన చర్యలు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా రెండు మూడు రెట్లు వేగం పుంజుకుంటాయని స్థూలంగా చెబుతారు. ఆ లెక్కన 4 డిగ్రీల దగ్గర ఆరు నెలల్లో జరిగే మార్పు 24 డిగ్రీల దగ్గర మూడు నుంచి ఆరు వారాల్లో జరిగిపోతుంది. చల్లబరిచిన కెగ్‌ను తిరిగి వెచ్చబరిస్తే బీరు చెడిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. చెడగొట్టేది వేడిలో గడిపిన మొత్తం సమయమే, ఉష్ణోగ్రత మారడం దానంతట అదే కాదు. ఒకసారి చల్లబరిచి రెండు రోజులు బయట ఉంచిన కెగ్‌కు ఆ రెండు రోజుల నష్టమే జరుగుతుంది. స్కంక్ అనే జంతువు చిమ్మే కంపులాంటి ఘాటైన వాసనకు కారణం కాంతి. హాప్ చేదు పదార్థాల మీద కాంతి పడి పుట్టే గంధక సమ్మేళనం అది. స్టీలు గోడల వెనుక ఉన్న బీరుకు ఆ ప్రమాదం లేనే లేదు.

అడుగున చేరిన ఈస్ట్ మీద రెండు అభిప్రాయాలున్నాయి. రెండు వారాల్లో బీరును మడ్డి మీద నుంచి తీసేయకపోతే కణాలు చచ్చి చిట్లి మాంసపు రసం లాంటి రుచి తెస్తాయన్నది పాత హెచ్చరిక. పెద్ద ట్యాంకుల అడుగున ఈస్ట్ మందంగా పేరుకుని, పైనున్న ద్రవం బరువుకూ, లోపల పుట్టే వేడికీ లోనవుతుంది, అక్కడ అది నిజమే. ఇంటి కెగ్‌లో పలచటి పొర, పైన అర మీటరు ఎత్తు బీరు, చల్లటి నిల్వ. మూడు నాలుగు నెలల లోపు ఆ రుచి కనిపించడం అరుదని కొత్త తరం వాదన. నేను ఈ రెండో వైపే ఉంటాను గానీ, ఆరు నెలలు దాటి ఉంచదలచిన బీరును, ముఖ్యంగా గది వేడిలో, తేటపడ్డాక మరో పర్జ్ చేసిన కెగ్‌లోకి గ్యాసుతో నెట్టి మార్చడంలో అర్థం ఉంది. ఆ మార్పిడిలో చొరబడే ఆక్సిజన్ మడ్డి కంటే ఎక్కువ హాని చేస్తుందనుకుంటే మాత్రం కదపకుండా వదిలేయడమే నయం.

సీసాలతో పోల్చితే దీర్ఘకాలంలో కెగ్‌కు ఉన్న అసలు సౌలభ్యం రుచి చూడగలగడం. సీసా తెరిస్తే ఆ సీసా అయిపోయినట్టే. కెగ్ నుంచి నెలకోసారి అర గ్లాసు తీసుకుంటే ఖాళీ అయిన చోటును గాలి కాక కార్బన్ డయాక్సైడ్ నింపుతుంది, మిగతా బీరు యథాతథంగా మాగుతూ ఉంటుంది. ఇందులోనూ ఒక లొసుగు ఉంది. కుళాయి దాకా వెళ్లే ప్లాస్టిక్ గొట్టం ఆక్సిజన్‌ను కొద్దికొద్దిగా లోపలికి రానిస్తుంది, కాబట్టి నెల రోజులు గొట్టంలో నిలిచిన బీరు కెగ్‌లోని బీరుకు ప్రతినిధి కాదు. మొదట వచ్చిన దాన్ని పారబోసి, రెండోసారి తీసినదాన్ని చూడాలి. మాగబెట్టే కాలంలో గొట్టాన్ని పోస్టు నుంచి ఊడదీసి పెట్టేవారికి ఈ బెడద లేదు. వారు పట్టించుకోవలసిందల్లా మూత ఓ-రింగు, రెండు పోస్టుల రబ్బర్లు. నెలకోసారి గేజీ తగిలించి చూసినప్పుడు అదే ఉష్ణోగ్రతలో పీడనం పోయినసారి కంటే తగ్గి ఉంటే, మళ్లీ సబ్బునీళ్లు కలపవలసి వస్తుంది.